చెమ్మ తరుగు

బెళుగుప్ప
12 మే 1979

అమ్మాయి సుబ్బలక్ష్మికి మామ కదిరప్ప దీవెనలు.

నీ జాబు చేరింది. మీ అమ్మకు చదివి వినిపించాను. నువ్వు వేసిన తూకం నువ్వున్న దేశపు పత్రికలో అచ్చయిందని సంబరపడి, మండీ హమాలీ లింగన్నకు కూడా చెప్పుకుంది. వాడు నన్ను పట్టుకుని, "ఏమప్పా, నువ్వు శెనక్కాయలు తూకమేస్తాండావు. నీ మేనకోడలు ఆడ ఏం తూకమేస్తాందంట?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నలుగురిలో నాకు మాట పెగలదు. అర్థమయ్యేటట్టు రాయి.

వాన లేదు.

మీ మామ

*

20 జూన్ 1979

ప్రియమైన మామకు,

ఇక్కడ కాటా లేదు మామా. యురేనియాన్ని పగలగొడితే చిన్న కేంద్రకాలు పుడతాయి. వాటిలో న్యూట్రాన్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ. అందుకే నిలవవు. కొన్ని సెకన్లలో మరొకటిగా మారిపోతాయి. ఆలోపే తూచాలి. పెద్ద అయస్కాంతం మధ్య పరుగెత్తిస్తాం. బరువైనది వెడల్పుగా మలుపు తిరుగుతుంది, తేలికది బిగువుగా. ఆ తేడా చూసి బరువు కడతాం.

నేను తూచింది ఇండియం అనే లోహంలో ఒక రకం. ఇంతకుముందు ఎవరూ తూచలేదు. దీన్ని చూసే నన్ను ఇంకో మూడేళ్లు ఉద్యోగంలో ఉంచుకోవాలా అని నిర్ణయిస్తారు. డిసెంబరులో తేలుతుంది.

అమ్మకు చెప్పు, ఇక్కడ మజ్జిగ దొరుకుతుంది.

నీ సుబ్బలక్ష్మి

*

8 అక్టోబరు 1979

ప్రియమైన మామకు,

ఈ జాబు అమ్మకు చదవొద్దు.

నా తూకం తప్పు. కేంద్రకాలు పుట్టినప్పుడు కొన్ని ఉత్తేజిత స్థితిలో ఉంటాయి. పుట్టినప్పటి వేడి ఇంకా దిగనట్టు అనుకో. ఆ అదనపు శక్తికి కూడా బరువుంటుంది. మామూలుగా రెప్ప వేసేలోపే అది వదిలేసి కుదురుకుంటాయి. అందుకని అన్నీ కుదురుకున్నవే అనుకున్నాను. కానీ ఈ ఇండియంలో కొన్ని మూడేసి సెకన్లు అట్లే ఉండిపోతున్నాయి. మా లెక్కలో అది నిండు నూరేళ్లు. పోయిన వారం వేరే పని మీద వాటి కిరణాలు చూస్తుంటే బయటపడింది. రెండు రకాలనూ కలిపి తూచి, ఒకటే అని అచ్చు వేయించాను.

ఎవరికీ తెలియదు. ఇంకొకరు తూచేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. చెబితే ఉద్యోగం పోతుంది. నీకెప్పుడైనా ఇట్లా జరిగిందా?

నీ సుబ్బలక్ష్మి

*

బెళుగుప్ప
4 నవంబరు 1979

అమ్మాయి సుబ్బలక్ష్మికి మామ దీవెనలు.

జరిగింది. మీ అత్తకు కూడా చెప్పలేదు.

సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాలి. గలగలమంటే ఎండినవి. లేకపోతే చెమ్మ. తూకంలోంచి సంచికి రెండు కిలోలు తరుగు తీసేయాలి. పదేళ్ల కింద ఒకరోజు ముప్పై సంచులు వరసగా చెమ్మవే వచ్చాయి. వాటి వెనుక తిప్పయ్య అనే రైతువి పన్నెండు. ఆడించి చూడకుండానే చెమ్మ అనేశాను.

"అన్నా, వాన రాకముందే ఇంట్లో చేర్చినా. ఒక్కసారి ఇనన్నా" అన్నాడు. వినలేదు. సాయంత్రం కాటా కింద అతని కాయలు రాలి ఉంటే ఏరి, చెవి దగ్గర ఆడించాను. మోగాయి.

ఇప్పటికీ మండీలో అతన్ని చెమ్మ తిప్పయ్య అంటారు.

నువ్వు చెప్పకు. నేను చెప్పలేదు, నాకేమీ కాలేదు.

మీ మామ

*

28 డిసెంబరు 1979

ప్రియమైన మామకు,

నీ జాబు రెండుసార్లు చదివాను. మరునాడే పత్రికకు సవరణ పంపాను.

ఉద్యోగం పొడిగించలేదు. మా ప్రయోగశాల పెద్దాయన కోప్పడలేదు. "ఇట్లా కలిపి తూచినవాళ్లలో నువ్వు మొదటిదానివి కాదు. కానీ ఉన్న ఉద్యోగం ఒకటే" అన్నాడు. మార్చి వరకు ఇక్కడ ఉంటాను. కలకత్తాలో ఏదో చిన్న పని ఉందంటే రాశాను.

నువ్వు చెప్పకు అని రాసినందుకు కోపం లేదు మామా. ఒకటే అడుగుతాను. ఆ తిప్పయ్య బతికే ఉన్నాడా?

నీ సుబ్బలక్ష్మి

*

బెళుగుప్ప
17 ఫిబ్రవరి 1980

అమ్మాయి సుబ్బలక్ష్మికి మామ దీవెనలు.

నీ ఉద్యోగం మాట మీ అమ్మకు చెప్పాను. కలకత్తాలో వేడి అన్నం దొరుకుతుందా అని అడిగింది.

తిప్పయ్య ఉన్నాడు. నీ జాబు వచ్చాక రెండు వారాలు అతన్ని చూసి కూడా పక్కకు తిరిగాను. మూడో వారం కాటా ఆపించాను. జనం చేరారు.

"ఆ పొద్దు తిప్పయ్య కాయలు ఎండినవే. ఇనకుండా చెమ్మన్నా. తప్పు నాది" అన్నాను.

"గట్టిగా చెప్పప్పా, ఎనకున్నోళ్లకు ఇనపడల్యా" అని లింగన్న అరిచాడు. మళ్లీ చెప్పాను. కొందరు నవ్వారు.

తిప్పయ్య నవ్వలేదు. "మా నాయన ఎర్రప్ప సచ్చేదాకా నాతో సరిగా మాట్లాడల్యా. తడిసినేటివి మండీకేసి ఇంటిపేరు చెడగొడితివి కదరా అంటాండె. నాకు చెప్తే ఏమొస్తాదన్నా? పోయి ఆయనకు చెప్పు" అన్నాడు.

మరునాడు ఇద్దరం వాళ్ల చేనికి పోయాం. గట్టు పక్కన సమాధి ఉంది. తిప్పయ్య దూరంగా నిలబడ్డాడు. చెప్పాను. అక్కడ జనం లేరు కదా, మాట తొందరగానే వచ్చింది.

మీ మామ కదిరప్ప