సగం గీకిన తీగ

8 జూలై 2013, సోమవారం

హెడ్మిస్ట్రెస్ కమలకుమారి మేడం పిలిచి ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. పిల్లలు చేతులతో ఏదైనా తయారుచేస్తూ ఫెయిలైతే టీచర్లు వాళ్ళ వెనక ఎలా నిలబడాలో, ఆగస్టు రెండున స్టాఫ్ మీటింగులో నేను చెప్పాలట. నేనే ఎందుకంటే, నాచారంలో ఫ్యాన్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా పదకొండేళ్ళు కాయిళ్ళు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పనిచేశానట. ఈ స్కూల్లో చేతిపని తెలిసిన తారామణి టీచర్‌ని నేనొక్కదాన్నేనట.

ఒళ్ళు మండింది. మా మేస్త్రి రామస్వామి మాకు ఏ జిరాక్సూ ఇవ్వలేదు. కాయిల్ తప్పు చుడితే మా ముందే కత్తెరతో కోసి తుక్కు డబ్బాలో పడేసేవాడు. ఏడిస్తే ఇంటికి పొమ్మనేవాడు. అలాగే నేర్చుకున్నాం. ఎవరూ చావలేదు.

11 జూలై, గురువారం

ఎనిమిదో తరగతికి మోటారు మొదలుపెట్టాను. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, మధ్యలో రాగి తీగ చుట్ట. ఆ చుట్ట గిరగిరా తిరగాలి, అంతే. తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. రెండు కొనల దగ్గరా దాన్ని బ్లేడుతో గీకితేనే కరెంటు పారుతుంది. నిద్రలో లేపి అడిగినా ఈ పని చేస్తాను. రాగి మెరిసేదాకా గీకమన్నాను.

ముప్పైనాలుగు మందిలో ముప్పైముగ్గురివి కాస్త ఊగి ఆగిపోయాయి. రోజీ అనే పిల్లది మాత్రం తిరిగింది. ఆ పిల్ల గంతులేసింది, క్లాసంతా దాని బెంచీ చుట్టూ మూగింది. దగ్గరికెళ్ళి చూస్తే ఏముంది, ఒక కొన సగమే గీకింది. బ్లేడు మొండిదట. ఇంకో పక్క పూత అలాగే ఉంది. కచ్చా పని. ఏదో గాలివాటున తిరిగింది. బ్లేడు తీసుకుని నేనే శుభ్రంగా గీకి ఇచ్చాను.

తర్వాత తిరగలేదు. పిన్నీసులు వంకరగా పెట్టావని తిట్టాను.

15 జూలై, సోమవారం

మళ్ళీ అంతే. ఈ కాలం పిల్లల చేతులు సెల్‌ఫోన్ నొక్కడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

18 జూలై, గురువారం

రోజీ మూడోసారి చుట్టింది. నా కళ్ళెదుట, నేను చెప్పినట్టే గీకింది. ఊగింది, ఆగింది. బ్లేడు తగిలి వేలు తెగినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అందుకూ తిట్టాను. మొన్న తిరిగింది కదా టీచర్ అని గొణిగింది. అది లక్కు, ఇది పని అన్నాను. బాగా చెప్పాననిపించింది.

20 జూలై, శనివారం

పేరెంట్స్ డే. టేబుల్ మీద రోజీ పేరు రాసిన చీటీ, దాని పక్కన గిర్రుమంటూ తిరుగుతున్న మోటారు. ఆ పిల్ల చేసింది కాదు. సైన్స్ చెప్పే ఉపేందర్ సార్ కోఠీలో కొనుక్కొచ్చి పెట్టాడు. తల్లి ముందు పిల్ల చిన్నబోకూడదనట.

రోజీ వాళ్ళమ్మ మార్తమ్మ ప్యాకింగ్ కంపెనీలో ఒక పూట సెలవు పెట్టుకుని వచ్చింది. నా బిడ్డ చేసిందని కనబడ్డవాళ్ళందరికీ చూపించింది. రోజీ తల వంచుకుని నిలబడింది. తల్లితో నిజం చెప్పలేదు, మా వంక చూడలేదు.

సార్‌ని స్టాఫ్‌రూమ్‌లో కడిగేశాను. నీకు సిగ్గుందా అని కూడా అన్నాను. ఆయన ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

24 జూలై, బుధవారం

మూడు రోజులుగా రోజీ రావడం లేదు.

27 జూలై, శనివారం

మెట్రో తవ్వకాలతో ఉప్పల్ చౌరస్తా దాటడానికే ముప్పావుగంట పట్టింది. షేర్ ఆటోలో నాచారంలో రోజీ వాళ్ళింటికి వెళ్ళాను. రోజీ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. మార్తమ్మ స్టూలు వేసింది, చాయ్ ఇచ్చింది. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. ఆఖరికి చెప్పింది.

"నా చేతులల్ల పనితనం లేదంటున్నది టీచర్. ఈ చేతులు డబ్బాలు ఒత్తనీకే పనికొస్తయంటున్నది. బడికి పోనన్నదాన్ని ఇంట్ల ఒక్కదాన్నే ఎట్ల ఉంచుత? ఐదో తారీఖు సోమవారం సంది నా ఎంబడి తీస్కపోత."

పదమూడేళ్ళ పిల్ల. ప్యాకింగ్‌కి. అన్యాయమని మార్తమ్మ మీదే గట్టిగా అరిచి వచ్చాను. ఎవరి మీద అరవాలో తెలియక.

28 జూలై, ఆదివారం

వంటింట్లో కూర్చుని నేనే ఒక మోటారు చేశాను. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చేసి చూడలేదు. వేలకొద్దీ కాయిళ్ళు చుట్టినదాన్ని, పిల్లల బొమ్మ చేసి చూసుకోవాలా అని పొగరు. కొనలు అద్దంలా గీకాను.

ఊగింది. ఆగింది.

పదకొండుసార్లు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

29 జూలై, సోమవారం

సిగ్గు చంపుకుని ఉపేందర్ సార్‌ని అడిగాను. పుస్తకం తెరిచి చూపించాడు. ఒక కొన మొత్తం గీకాలి, రెండోది ఒక పక్కే గీకాలి. చుట్ట సగం తిరిగేదాకా కరెంటు పారాలి, మిగతా సగం ఆగాలి. లేకపోతే ముందుకు తోసిన కరెంటే వెనక్కి లాగుతుంది. ఫ్యాక్టరీలో కొనలు మొత్తం గీకి టంకం పెట్టేవాళ్ళం. ఆ అలవాటునే పిల్లల నెత్తిన రుద్దాను.

ఆయనకు మొదటి రోజే తెలుసట. పెద్దవారు, మీకు నేను చెప్పడమేంటని ఊరుకున్నాడట! నోటితో ఒక్క ముక్క చెప్పలేక, నేను చెడగొట్టినదానికి బదులుగా రోజీకని కోఠీ దాకా పోయి మోటారు కొన్నాడు. గౌరవమట. ఆ గౌరవం తగలెయ్య.

క్లాసు మొత్తంలో సరైన మోటారు రోజీది ఒక్కటే. దాన్ని నా చేత్తో నేనే పాడుచేశాను. మొండి బ్లేడుకున్న బుద్ధి నాకు లేకపోయింది.

30 జూలై, మంగళవారం

తెలంగాణ ఇస్తామన్నారట. వీధంతా పటాకులు. ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఈ మాట కోసం. బయటికెళ్ళి చూడాలనిపించలేదు.

2 ఆగస్టు, శుక్రవారం

జిరాక్స్ కాగితం చదవలేదు. నేను చేసిన మోటారు బల్ల మీద పెట్టి ఆడించాను. ఊగింది, ఆగింది. ఒకరిద్దరు నవ్వారు. ఇది నా పని అని చెప్పాను. తిరుగుతున్న మోటారును పిల్ల చేతిలోంచి లాక్కుని చెడగొట్టి, తిరగనందుకు ఆ పిల్లనే తిట్టానని చెప్పాను. పిల్లలు ఓడితే వెనక ఎలా నిలబడాలో తర్వాత మాట్లాడుకుందాం, ముందు మనం చేయి పెట్టడం మానేద్దామన్నాను.

మేడం ముఖం మాడ్చుకుని, టాపిక్ ఇది కాదు కదా అన్నారు. ఉపేందర్ సార్ లేచి, ఇదే టాపిక్ అన్నాడు. ఈ మాత్రం నోరు మొదటి రోజు లేస్తే ఏం పోయేది?

3 ఆగస్టు, శనివారం

మళ్ళీ నాచారం, నా మోటారు సంచిలో వేసుకుని. మార్తమ్మ గడపలో నిలబడి, లోపలి గదికి వినబడేలా మొత్తం చెప్పాను. తప్పు నాది అని కూడా అన్నాను. ఇన్నేళ్ళ బతుకులో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

రోజీ వచ్చింది. నా కాయిల్ తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. ఎన్నిసార్లు చేశారని అడిగింది. పదకొండన్నాను. ఇది చెడిపోయింది, కోసేసి కొత్తది చుడదామని కత్తెర తీశాను. ఆ పిల్ల కత్తెర పక్కకు నెట్టింది. లోపలికెళ్ళి గులాబీ రంగు నెయిల్ పాలిష్ సీసా తెచ్చింది. నేను నున్నగా గీకిన కొనకు ఒక పక్కన, పోయిన ఎనామిల్‌కు బదులుగా, సన్నగా పూసి, ఆరేదాకా ఊదింది.

పిన్నీసు కాస్త ఒరిగింది. సరిచేద్దామని చెయ్యి చాపాను.

"చెయ్యి వెట్టకుండ్రి టీచర్. జర దూరం కూసోండ్రి."

దూరం జరిగాను. మోటారు తిరిగింది. మార్తమ్మ అది చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

5 ఆగస్టు, సోమవారం

రోజీ బడికి వచ్చింది, నెయిల్ పాలిష్ సీసాతో. పీరియడ్ మొత్తం నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. తిమ్మిరెక్కాయి. తీయలేదు.