మామయ్య వేళ్లకి దొరికిన చేపలు

కెంటకీ, మార్చి 11

లొరెట్టా, మీ నాన్న కులాసాగా ఉన్నాడు, బెంగపడకు.

చూపు మసకబారిన మనిషి ఇంకా సరస్సు మీద తిరగడమేమిటి, పడవ అమ్మించి రమ్మని కదా నన్ను పంపావు! నిన్న పొద్దున ఆయనే నన్ను పడవెక్కించాడు. మిగతా పడవలన్నీ ఒడ్డు వెంట గాలాలేస్తున్నాయి, ఒక్కరికీ ఒక్క క్రాపీ చేప కూడా పడలేదు. "అవి గుడ్లు పెట్టడానికి ఇంకా నెల రోజులుంది. ఇంత చల్లటి నీళ్లలో ఒడ్డుకెందుకొస్తాయి అల్లుడూ?" అని నవ్వాడు. వాగు వచ్చి కలిసే లోతు చోటికి తీసుకెళ్లమన్నాడు. దారానికి సీసపు గుండు కట్టి కిందికి వదిలి, వేళ్లతో మెల్లగా ఆడించాడు. నాలుగు చోట్ల తల అడ్డంగా ఊపాడు. ఐదో చోట ఆగాడు.

"ఇదిగో, చేపలు చేరతాయని మీ అత్తా నేనూ అప్పట్లో ముంచిన దేవదారు చెట్టు. దానికి రెండడుగుల పైన ఎర ఆపు."

"నా కళ్లు బాగానే ఉన్నాయి, అయినా నాకేం తెలియలేదు మామయ్యా!"

"అంత లోతున ఏముందో నీకు మాత్రం కనపడుతుందా?"

పద్నాలుగు పడ్డాయి. అన్నీ అరచేతికన్నా పెద్దవే. పడవ అమ్మే మాట నేనెత్తలేదు, ఎత్తను. నువ్వూ ఎత్తకు.

ఆయన ఊలు మేజోళ్లు, మొక్కజొన్న పిండి పట్టుకురా. పిల్లకి దగ్గు తగ్గిందా? ఆదివారం ఇద్దరూ రండి. నీ చిన్నప్పటి గాలం కర్రకి కొత్త దారం ఎక్కించాడు. ముడి నన్ను వెయ్యనివ్వలేదు, గంటసేపు కూర్చుని తనే వేశాడు.

పిల్లకి ముద్దులు.

నీ డెల్బర్ట్