మిషిన్ రాసిందంట

గురువారం, మెదక్

పైసలకు ఒక వెబ్‌సైట్ కంపెనీకి నేను రాసిచ్చిన వ్యాసాన్ని మిషిన్ రాసిందని వాపస్ పంపిండ్రు. కందిపప్పుకు పురుగు పట్టకుండ ఎండిన వేపాకు ఎట్లెయ్యాలెనో అమ్మ చెప్పింది, నేను రాసిన. కంపెనీల దాన్ని మనిషి చదవలే, సాఫ్ట్‌వేర్ చూసింది. ఇంకోసారి గిట్లయితే వాళ్ల దగ్గరున్న నా అకౌంట్ బందంట, ఇగ రాసే పని ఇయ్యరంట.

ఆ కంపెనీ ఎడిటర్ మేడంకు ఫోన్ చేస్తే నవ్వింది. "అందరూ చేసేదే తమ్ముడూ. అక్కడక్కడ నాలుగు తప్పులు పెట్టి పంపు, పాసైపోతుంది" అన్నది.

తప్పులు లేకుంట రాసుడు నాకు ఎవ్వలు నేర్పలే. కిరాణ దుకాణంల పొట్లాలు కట్టుకుంట, ఆ పాత పేపర్లు చదివి నేర్చుకున్న. ఇప్పుడు మనిషినని చూపెట్టుకోనీకె తప్పులు రాయాల్నా? ఒకటి పెట్టి చూసిన. మల్ల చదివి తీసేసిన. రేపు నిజంగనే అకౌంట్ పోతే...

సంగతి చెప్తే అమ్మ అన్నది, "చాటల పప్పు చెరిగింది నేను, రాసింది నువ్వు. నడుమల గా మిషిన్ ఎప్పుడొచ్చింది బిడ్డా మనింటికి?" నాకు నవ్వు రాలే.

పొద్దుగాల మేడంకు గిదే పంపుత: నా వ్యాసం ఒక మనిషి మొదటికెల్లి ఆఖరిదాక చదవాలె. చదివినోళ్లు తమ పేరు పెట్టి, శనివారం పొద్దుగూకెలోపట నాకు జవాబియ్యాలె.