మూడు కన్నాల ఆపరేసను

నందిగాం

ఓలె ఉషారాణీ,

మీయమ్మని ఇంటికి తెచ్చీసి నెల్లాళ్లయింది. బాగుంది. నువ్వింక ఏడుపు ఆపీ, నీ మొకం అసలే అంతంతమాత్రం.

బొడ్డుకాడ ఒక్క కన్నం పెట్టి బరువు తగ్గించీ ఆపరేసను ఉందని నువ్వు కంపూటర్లో సూసి సెప్పగానే, నాను ఊరంతా సాటీసినాను. ఇశాపట్నంలో మొదటి డాకట్రు గోడమీద సన్నబడినోల ఫొటోలు సూసి, అక్కడే ఒప్పీసుకుందామన్నాను. నువ్వు ఒగ్గనేదు. "ఒక్క కన్నంతో అవ్వకపోతే ఏటి సేత్తారు?" అనడిగినావు. ఆయన మొకం మాడ్సుకున్నాడు. రెండో ఆయన్నీ అదే అడిగినావు. "ఇలాటివి శానా సేసినానమ్మా. అవ్వకపోతే ఇంకో రెండు కన్నాలు పెట్టీస్తాను. మచ్చలకి బయపడి మనిసిని ఇబ్బంది పెట్టను" అన్నాడు. "తాతా, ఈయనే" అన్నావు. పోలీసుకి పుట్టాల్సిన గుంటవని ఎక్కిరించినాను.

లోపల కార్జం, అదే లివరంట, పెద్దదై అడ్డొచ్చిందట. నిజంగానే రెండు కన్నాలు ఎక్కువ పెట్టినాడు. ఒక్కటే అని సెప్పి అమ్మని మోసం సేసీసినానని నువ్వు కుమిలిపోతన్నావంట. పిచ్చిగుంటా, నువ్వా మాట అడగబట్టే కదే నా కూతురు నాకు దక్కింది!

పది అడుగులేత్తే ఊపిరందని మీయమ్మ, ఇయ్యాల జీడితోట దాకా నడిసింది. మద్దిలో ఆయాసపడి కూకున్నది నాను. ఎనక్కి తిరిగి, "నాన్నా, నీ బొజ్జని కూడా ఆ డాకట్రుకి సూపించాల" అని పకపకా నవ్వింది.

నాకు కళ్లంట నీళ్లొచ్చీసినాయి. దుమ్ము పడిందని సెప్పినాను. నువ్వూ అలాగే సెప్పు.

నీకు దండం పెట్టాలనుంది గానీ పెట్టని,
మీ తాత