బైకు బొమ్మ పక్కన ఓదెలన్న

గోదావరిఖని,
శ్రావణ శుక్రవారం, మధ్యాహ్నం.

మా విజయక్కకు,

నీ తమ్ముడు శంకర్ దండం పెట్టి రాస్తున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ బీపీ గోళీలు రోజూ వేసుకుంటున్నాడా, లేక డబ్బాలోనే ఉంచి వేసుకున్నానని చెబుతున్నాడా? బెల్లంపల్లిలో కూడా వారం నుంచి ముసురు పట్టి ఉందని బస్టాండులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మన వెనక గోడ నాని ఉంటుంది, దాని పక్కన మంచం వేసుకోకండి. నా గురించి ఫికర్ పెట్టుకోకు. ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నీకు వినికిడి తగ్గినప్పటి నుంచి ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, చివరికి బావ ఫోన్ లాక్కుని "మంచిగనే ఉన్నడట" అని నీకు చెప్పేస్తాడు. ఈసారి నేను చెప్పాల్సింది అరిచి చెప్పే మాట కాదు. నువ్వు తీరిగ్గా చదువుకో. తర్వాత బావకు చెప్పు.

ఫోటో స్టూడియో మూసేసి ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు దాటింది. బస్సెక్కితే ఎంతోసేపు పట్టని దారే, అయినా ఒక్కసారి కూడా రాలేకపోయాను. వార్తలకు సెలవు ఉండదు కదా. మా ఆఫీసు మొబైల్ షాపు పైన రెండు గదులు. పేపర్ అచ్చు వేయరు, అన్నీ ఫోన్లో చదువుకునే వార్తలే. నేను వార్తలు రాయను. ప్రకటనలు పెడతాను. నాకు పని నేర్పింది నస్రీన్ అనే అమ్మాయి. నాకంటే పదేళ్ళు చిన్నది, కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం నాకు పంతులమ్మ.

ఆ పని ఏమిటో నీకు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఏదైనా దుకాణం వాళ్ళు ప్రకటన ఇస్తే ఆ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కనబడాలో తేదీలు వేయాలి. పేజీలో పైన రావాలా, వార్త మధ్యలో రావాలా అని చోటు చూపించాలి. తర్వాత ట్యాగులు పెట్టాలి. నేను స్టూడియోలో ఫోటోల కవర్ మీద 'పెళ్ళి' అనో 'బారసాల' అనో రాసిపెట్టేవాణ్ణి కదా, ట్యాగు అంటే అలాంటిదే. వార్తకు రిపోర్టర్ ట్యాగులు పెడతాడు, ప్రకటనకు నేను పెడతాను. రెండింటి మీదా ఒకే మాట ఉంటే కంప్యూటర్ ఆ ప్రకటనను తీసుకెళ్ళి ఆ వార్త పక్కన పెట్టేస్తుంది. మధ్యలో మనిషి ఎవరూ చూడరు.

మొదటి రోజే నస్రీన్ చెప్పింది. "ఇగో అన్నా, ఈ అడుగున డబ్బా చూడు. ఏ వార్తల పక్కన కనబడొద్దో గిండ్ల రాయాలె. చావు, ప్రమాదం, ఆత్మహత్య. గిదొక్కటి ఖాళీగ ఇడ్వకు. మిగిలినయి తప్పు వోతే దిద్దుకుందుము. గిది తప్పు వోతే మనం దిద్దేసరికే జనం చూసేస్తరు."

నేను తల ఊపాను.

ఇక ఇంటి సంగతి. నేను అద్దెకు దిగింది ఓదెలన్న ఇంట్లో, ముందు గదిలో. ఓదెలన్న గనిలో పంపు ఆపరేటర్. ఆయన భార్య సరోజక్క. ఒక్కతే బిడ్డ శ్రావణి, డిగ్రీ చదువుతోంది. మొదటి నెలంతా నేను కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని తలుపు మూసుకుని తినేవాణ్ణి. ముద్ద దిగేది కాదు. ఒకరోజు ఓదెలన్న షిఫ్టు దిగి వస్తూ నా గిన్నెలోకి తొంగి చూశాడు. "గిదేం కూర తమ్మీ, పసుపు నీళ్ళు పోసినట్టున్నది," అని లోపలికి కేకేశాడు. "సరోజా, ఇంకో కంచం పెట్టు." ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లోనే తిన్నాను. మక్క గటక, పచ్చిపులుసు, ఆదివారం కోడికూర. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ పేల్చితే గిన్నెలు కదిలేవి. నేను ఉలిక్కిపడితే వాళ్ళు ముగ్గురూ నవ్వేవాళ్ళు.

నా కొలువు ఏమిటో ఓదెలన్నకు చాలా రోజులు అంతుపట్టలేదు. "బొమ్మలు పెడుతనంటవ్. ఎవలు చూస్తరు వాటిని?" అని అడిగేవాడు. ఒకసారి ఆయన ఫోన్లోనే చూపించాను. అప్పటి నుంచి పొద్దున లేవగానే మా పేజీ తెరిచేవాడు. క్యాంటీన్‌లో తోటివాళ్ళకు బట్టల దుకాణం ప్రకటనలు చూపించి "గిది మా తమ్ముడు పెట్టిండు" అనేవాడట. అక్కా, నా పనిని అంత గొప్పగా చెప్పుకున్న మనిషి ఇంకొకరు లేరు.

పోయిన నెల ఒక బైకుల షోరూం వాళ్ళు ప్రకటన ఇచ్చారు. ఎర్ర బండి మీద కొత్త జంట, జుట్టు ఎగురుతూ, నవ్వుతూ. పైన పెద్ద అక్షరాలతో 'ఈ వానాకాలం గాలిలో తేలిపోండి!' అని. గంటలో పెట్టాలని మా ఆఫీసు నడిపే సార్ తొందరపెట్టాడు. బొమ్మ ఎక్కించాను, తేదీలు వేశాను. ట్యాగులు పెట్టాను: గోదావరిఖని, కార్మికులు, బైక్. అడుగున ఉన్న డబ్బా ఖాళీగా వదిలేశాను.

మర్చిపోయానని నీకు చెప్పవచ్చు. కానీ మర్చిపోలేదు అక్కా. తర్వాత నింపుదామనుకున్నాను. అంతకుముందు కూడా చాలా ప్రకటనలకు అలాగే అనుకుని వదిలేశాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి అలవాటైపోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున ఓదెలన్న మొదటి షిఫ్టుకు బయల్దేరాడు. సన్నగా వాన పడుతోంది. మలుపు దగ్గర రోడ్డంతా బురద. బండి జారింది, తల డివైడర్‌కు తగిలింది. ఎవరూ గుద్దలేదు, ఎవరి తప్పూ లేదు. కబురు రాగానే సరోజక్కను, శ్రావణిని ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు వెళ్ళాను. మేము వెళ్ళేసరికే అయిపోయింది.

మేము వరండాలో కూర్చుని ఉండగా మా రిపోర్టర్ ఫోన్ చేసి, ఆయన ఫోటో ఏదైనా ఉందా అని అడిగాడు. నేను తీసిన ఫోటోనే పంపాను. ఇంటి గడప మీద కూర్చుని నవ్వుతున్నది. కాసేపటికి వార్త వచ్చింది. 'బైక్ అదుపు తప్పి గని కార్మికుడి మృతి.' ఆ వార్తకు ఏ ట్యాగులు ఉంటాయో నువ్వే చెప్పగలవు ఇప్పుడు.

శ్రావణికి ఎవరో ఆ పేజీ పంపారు. ఆ పిల్ల ఏడుపు ఆపి, ఫోన్ నా ముందు పెట్టింది.

"కాకా, మా బాపు పక్కన గీళ్ళు ఎవలు?"

ఓదెలన్న ముఖం పక్కనే ఎర్ర బండి. గాలిలో తేలిపోండి.

నేను బయటికి పరుగెత్తి నస్రీన్‌కు ఫోన్ చేశాను. ఆమె ఒక్క మాట కూడా అడగకుండా రెండు నిమిషాల్లో తీసేసింది. కానీ ఆ లోపలే ఎవరెవరో ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకున్నారు. సాయంత్రానికి అన్ని వాట్సప్ గ్రూపుల్లో తిరిగింది. పళ్ళికిలించే బొమ్మలు పెట్టి పంపుకున్నారు. శ్రావణి కాలేజీ గ్రూపులోకి వచ్చింది. ఓదెలన్న క్యాంటీన్ గ్రూపులోకీ వచ్చింది.

మర్నాడు మా సార్ నన్ను పిలిచాడు. "సాంకేతిక లోపం అని రాసి క్షమాపణ పెడుదాం. మిషన్ చేసిందను. నీ పేరెందుకు బయటికి?" అన్నాడు. నస్రీన్ తల వంచుకుని కూర్చుంది. సార్ వెళ్ళాక, "మొదట్ల నువ్వు పెట్టినయి నేను గూడ ఒకపారి చూస్తుంటి అన్నా. తర్వాత చూసుడు ఇడిసిన," అని కళ్ళు తుడుచుకుంది. తప్పు నాది, ఏడుపు ఆ పిల్లది.

క్షమాపణ అలాగే వేశారు, తప్పు నాదని నేను ఎవరికీ చెప్పలేదు. దినాల దాకా ఆ ఇంట్లో ప్రతి పనీ చేశాను. టెంటు వేయించాను, నీళ్ళు మోశాను, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. వచ్చినవాళ్ళందరితో సరోజక్క "గీ తమ్మి లేకుంటే నేనెట్ల జేద్దును" అనేది. ఆ మాట వినబడినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఆ బొమ్మ మాట వచ్చింది. సరోజక్క వాళ్ళ అన్న గట్టిగా అరిచాడు. "ఆ బొమ్మ పెట్టినోడు నాకు దొరకాలె, చెప్పు తెగేదాక కొడుత."

"మిషన్ చేసిందట అన్నా. మిషన్ను కొడుతవా?" అంది సరోజక్క. ఆ మాట అని ఆమె నాకే ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

ఆ అన్నం తినలేకపోయాను.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఎండ కాస్త వచ్చింది. ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా, మిషన్ గాదు. నేను."

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. డబ్బా సంగతి, ఖాళీగా వదిలేసిన సంగతి.

"గట్లయితదని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి?"

"తర్వాత చేద్దామనుకున్న."

చాలాసేపు గిన్నె తోముతూనే ఉంది. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. "ఆయన గూడ గంతే. టైరు అరిగింది, మారుస్త మారుస్త అనుకుంటనే పాయె," అంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "నీ మీద నాకు కోపం లేదు తమ్మీ." గిన్నె పక్కన బోర్లించింది. "ఉన్నది. ఎందుకుండది? కానీ నిన్ను తిట్టేటంత బలం నాకు లేదు. ఈ నెల కాంగనే అర్ర ఖాళీ చెయ్యి. నిన్ను చూస్తే ఆయన యాదికొస్తలేడు, ఆ ఎర్ర బండి యాదికొస్తంది."

సరేనన్నాను.

"శ్రావణికి చెప్పకు. అది మిషననే అనుకుంటంది, అనుకోనియ్. బాపు పోయిండు. ఇగ కాక గూడ గిట్లాంటోడని దానికెందుకు?"

నేను లేచి నిలబడి, ఇంకేమైనా చేయమంటావా అని అడిగాను. ఆమె చేతులు కడుక్కుంది.

"ఆ పేజీల ఆయన పక్కన ఏం ఉండొద్దు. ఏ దుకాణమొద్దు, ఏ పండుగొద్దు. పెట్టగల్గుతవా గట్ల?"

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, సరోజక్కకు నిజం చెప్పేశానని సార్‌తో అన్నాను. "ఎవలన్న అడిగిన్రా నిన్ను?" అని కేకలేశాడు. ఆ పేజీలో ప్రకటనలన్నీ ఆపేయాలని చెబితే, ఈ నెలలో అందరికంటే ఎక్కువ మంది చూస్తున్న పేజీ అదే, ఎట్ల కుదురుతుంది అన్నాడు. ఆ మాట ముగిసేలోపే నస్రీన్ ఆ వార్త తెరిచి, ప్రకటనలు రాకుండా గుర్తు పెట్టేసింది. "అయిపోయింది సార్," అంది. సార్ ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. కొలువు తీసేయలేదు. ఆ తర్వాత మూడు రోజులు కూర్చుని నేను పెట్టిన పాత ప్రకటనలన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఖాళీగా వదిలిన డబ్బాలన్నీ నింపాను. ఇప్పుడు నింపితే ఏమిటని నువ్వు అడగవచ్చు. నాకూ తెలియదు.

ఇల్లు మారాను అక్కా. ఈ ఉత్తరం కొత్త గదిలో కూర్చుని రాస్తున్నాను. కవర్ మీద ఉన్నది కొత్త అడ్రసే, పాతదానికి రాయకు. గది చిన్నదే కానీ నీళ్ళు వస్తాయి, కిటికీ ఉంది. వంట నేనే చేసుకుంటున్నాను, బాగానే కుదురుతోంది. నువ్వు బెంగ పడకు. వీలైతే ఇటు వచ్చేవాళ్ళ చేత చింతకాయ తొక్కు కొంచెం, బావ వాడని ఆ నల్ల గొడుగు పంపు. ఇంటికి వచ్చేయమని బావ అంటాడేమో, అక్కడ చేయడానికి ఏముంది? గనులు మూతపడ్డ ఊళ్ళో ఫోటోలు దిగేదెవరు? నేను ఇక్కడే ఉంటాను. ఉండాలి కూడా.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మొన్న పొద్దున నేను సామాను సర్దుకుంటుంటే శ్రావణి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎందుకు పోతున్నవ్ కాకా?"

"ఆఫీసుకు దగ్గరుంటదని బిడ్డా."

"ఇక్కడి నుంచి గూడ దగ్గరనే గదా."

నేను పరుపు చుట్టడంలో ఉన్నట్టు తల ఎత్తలేదు. ఆ పిల్ల నా బకెట్టు, స్టవ్వు తనే మోసుకొచ్చి ఆటోలో పెట్టింది. ఆటో కదలబోతుంటే చేయి పట్టుకుని, "ఐతారం అన్నానికి రా. అమ్మకు నేను చెప్పి పెడుత," అంది.

సరోజక్క లోపల తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. నేను ఆ పిల్లతో "వస్త బిడ్డా" అన్నాను. వెళ్ళలేనని సరోజక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

బావకు నా దండాలు. పక్కింటి రాజమ్మవ్వ కాళ్ళకు నా తరఫున మొక్కు. ఇదంతా చదివి నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు అక్కా, ఇక్కడ గట్టిగా తిట్టేవాళ్ళెవరూ లేరు. తిట్టాక దీవించు.

నీ తమ్ముడు,
శంకర్