వ్రతం రోజు కారిడార్‌లో చెప్పులు

ఆగస్టు 8, శుక్రవారం
మా టెక్సస్ అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి సుజాత ఆంటీ వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వచ్చినవాళ్ళ చెప్పులన్నీ కారిడార్‌లోనే... పక్కింటి డారెల్ గుమ్మం దాకా. పాపం, ఆఫీస్ నుంచి వచ్చి, అడుగు పెట్టే చోటు లేక, వంగి చెప్పులు పక్కకు జరుపుకుంటున్నాడు. అంతే! ఆంటీ తలుపు కన్నంలోంచి చూసి దొంగ అనుకున్నారు. వచ్చీరాని ఇంగ్లీష్‌తోనే పోలీసులకు ఫోన్.

నేను తాంబూలం పట్టుకుని బయటికి వచ్చేసరికి డారెల్ నేల మీద బోర్లా. వీపు మీద ఒక పోలీసు మోకాలు. "నా ఇల్లే ఇది, చేతిలో తాళంచెవి చూడండి" అంటూనే ఉన్నాడు. ఎప్పుడు ఫోన్ తీశానో, ఎప్పుడు రికార్డ్ నొక్కానో!

ఆగస్టు 9, శనివారం
డారెల్ మణికట్టుకు కట్టు. పోలీసుల మీద తిరగబడ్డాడని కేసు పెట్టారట. బోర్లా పడున్న మనిషి ఎలా తిరగబడతాడు? ఒళ్ళు మండిపోతోంది.

ఆంటీ పులిహోర పంపారు. తిన్నాను. బాగుంది కూడా. దాంతో ఇంకా కోపం.

ఆగస్టు 11, సోమవారం
నా రూమ్మేట్ హారిక పొద్దున్నే మొదలుపెట్టింది. "వీడియో ఇస్తే సాక్షి అంటారు, కోర్టుకి రమ్మంటారు. మనం స్టూడెంట్ వీసా మీద ఉన్నామే తల్లీ! నీకెందుకీ గొడవ?"
నిజమే. భయంగానే ఉంది. కానీ వీడియో ఇంకెవరి దగ్గరా లేదు.

ఆగస్టు 12, మంగళవారం
ఆంటీ వచ్చారు. "తీసెయ్ బిడ్డా ఆ వీడియో. నా గొంతు ఉన్నదట గదా అందుల."
ఉంది. తలుపు వెనక నుంచి, తెలుగులో... "గాయినే, గాయినే!" అని.
"నాకు భయమైంది. ఏం జెయ్యాలె మరి?"
నాకు జ్వరం వస్తే రోజూ చారు కాచి తెచ్చిన మనిషి.

ఆగస్టు 13
క్లాస్. ఇల్లు. ఏమీ తేల్చుకోలేదు.

ఆగస్టు 14, గురువారం
వీడియో డారెల్ లాయర్‌కి పంపేశాను. పంపాక... విచిత్రం, ఆకలేసింది.

ఆగస్టు 16, శనివారం
సిటీ హాల్ ముందు ర్యాలీ. డారెల్ చర్చి వాళ్ళు, ఇలాగే పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న ఇంకొందరు నల్లజాతివాళ్ళు. టెక్సస్ ఎండ మాడ్చేస్తోంది. అయినా అరుపులు లేవు, తోపులాట లేదు, అందరూ మెల్లగా నడుస్తున్నారు. నేను ఫుట్‌పాత్ మీదే. అరెస్టులు మొదలైతే పారిపోవడానికి వీలుగా.

డారెల్ వాళ్ళమ్మ వచ్చి పక్కన నిలబడింది. నేనెవరో ఆవిడకు తెలుసు. "చిన్నప్పటి నుంచీ చెప్పాను, చేతులు పోలీసులకు కనపడేలా పెట్టుకో అని. వాడు అలాగే పెట్టాడు కదా?" అంది.
పెట్టాడు. వీడియోలో ఉంది. ఆవిడతో పాటు రోడ్డు మీదికి దిగాను.

ఆగస్టు 17, ఆదివారం
వీడియో ఇచ్చేశానని ఆంటీకి చెప్పేశాను. తిడతారనుకున్నాను. సోఫాలో కూర్చుండిపోయారు. తర్వాత లేచి, "ఆయన దగ్గరికి పోదాం పా. నాకు ఇంగ్లీష్ సక్కగ రాదు. నువ్వు చెప్పు" అన్నారు.

వెళ్ళాం. డారెల్ తలుపు తీశాడు. సారీ మాత్రం ఆంటీయే చెప్పారు. భయపడి అలా చేశారని నేను చెప్పాను.

అతను గొంతు పెంచలేదు. నన్ను కాదు, ఆంటీనే అడిగాడు... రోజూ లిఫ్ట్‌లో నాకు గుడ్ మార్నింగ్ చెప్తారు కదా, ఆ రోజు నాలో ఏం చూసి భయపడ్డారు?

తెలుగులో చెప్పబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

ప్రశ్న ఆమెకు ఇంగ్లీష్‌లోనే అర్థమైంది. డారెల్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, జవాబు కోసం...