సాత్తూరు దాటాక వచ్చే వాసన

అమ్మకు,

నీ చిన్న కూతురు సత్యప్రియ నమస్కరించి రాయడమేమంటే, కోవిల్‌పట్టిలో నాన్నా నేనూ బాగున్నాము. హోసూరులో నువ్వూ అక్కా పసిబిడ్డా సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో చెబితే అక్క అత్తగారింట్లో అందరూ వింటారు. అందుకే తాతయ్య మనిద్దరికీ నేర్పిన తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. సెంటు షాపులో పని నాకు నచ్చింది. నోటికంటే ముక్కుకే పని ఎక్కువ. సెల్వకుమార్ నిశ్చితార్థానికి వెళ్లి రమ్మన్నావు, పాత పగ మనకెందుకన్నావు. నేను వెళ్లలేదు.

పగ నీకు లేదేమో, నాకుంది. పెళ్లిచూపులకని నన్ను చూడవచ్చిన రోజు నువ్విచ్చిన కాఫీ అతను అందుకోలేదు. ముక్కుకు చేతిరుమాలు పెట్టుకుని, "వద్దత్తా, మీ చేతికి పటాసు మందు వాసన కొడతా ఉండాది," అన్నాడు. తాయిల్‌పట్టి ఫ్యాక్టరీలో మందు నింపి నన్ను కాన్వెంటులో చదివించిన చెయ్యి అది. నన్ను నోరులేని పుస్తకాల పిల్ల అన్నాడు, అది మరిచిపోగలను. అప్పటినుంచి నువ్వు అన్నం వడ్డించే ముందు చేతులు వాసన చూసుకుంటున్నావు. మనవణ్ని ఎత్తుకోవాలన్నా ముందు నిమ్మతొక్కతో రుద్దుకుంటున్నావని అక్క చెప్పింది. అది మరిచిపోలేను.

పోయిన వారం అతను మా షాపుకు వచ్చాడు.

"నువ్వా? ఈడ కూడా నోరు తెరవవా? నిచ్చితార్థానికి సెంటు కావాల. పాతకాలం దొరలు పూసుకొనే మాదిరి, మగోడి వాసన."

అలాంటిది ఒకటుంది. కాగితం మీద కొట్టి ఇచ్చాను. "ఆహా, నిమ్మపండు!" అన్నాడు.

అమ్మా, ఆ రకం సెంటు కాగితం మీద ఒకటి, ఒంటి మీద ఒకటి. మొదట నిమ్మ, లావెండరు, అప్పుడే గడ్డం గీసుకున్నంత శుభ్రంగా. కాసేపటికి అవి ఆరిపోయి లవంగం ఘాటు పైకి వస్తుంది. ఒంటి వేడికి అదీ తగ్గాక అడుగున దాగినది లేస్తుంది: తోలు, పొగ, కాలిన మందు. నా మణికట్టు మీద ఎన్నిసార్లో చూశాను. కొనేవాళ్లందరికీ చెబుతాను, "చేతికి పూసుకుని బజారు తిరిగి రండి, అప్పుడు కొనండి," అని.

అతనికి చెప్పలేదు. నీకు చెప్పకుండా దాచింది ఇదే. తెలిసే చెప్పలేదు.

మిగతాది మా షాపులో పనిచేసే పాండిసెల్వి చెప్పింది. పెళ్లికూతురు సంగవి ఆమెకు చిన్నాన్న కూతురు. అతను నువ్వుల నూనెతో తలంటుకుని, ఆ జిడ్డు మెడ మీదే సెంటు కొట్టుకుని కారెక్కాడట. కోవిల్‌పట్టిలో నిమ్మ. సాత్తూరులో లవంగం. విరుదునగర్ మండపంలో, జనం ఉక్కలో, మందు.

పెళ్లికూతురు వాళ్లది ఏళాయిరంపన్నై. ఇంటిల్లిపాదీ పటాసు పనే. ఆ వాసన తగిలితే ఎక్కడని చూడరు, ముందు పరుగెత్తుతారు. సంగవి అవ్వ లేచి, "మందు కాలుతా ఉండాది! బయటికి పదండి!" అని అరిచింది. చెప్పులు కూడా వదిలేసి మండపమంతా రోడ్డు మీదికి వచ్చింది. ఎక్కడా పొగ లేదు. అవ్వ ఒక్కొక్కరినీ వాసన చూస్తూ వచ్చి అతని మెడ దగ్గర ఆగి, చెయ్యి చాపింది.

"చెయ్యి తియ్యవ్వా, మందు కంపు!" అన్నాడు.

"కంపు నా చేతిది కాదు అబ్బోడా, నీ మెడది," అంది అవ్వ. "ఇది పోవాలని మేము దినమూ సీకాయ రుద్దుకుంటాము. నువ్వు దుడ్డిచ్చి కొంటివా?"

రోడ్డు మీదే అందరూ నవ్వారట. సంగవి నవ్వలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని వెళ్లి వాళ్ల వ్యానులో కూర్చుంది. తాంబూలాలు మార్చుకోలేదు.

నిన్న అతను షాపుకు వచ్చాడు. "తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నాకు నోరు లేదు కదా," అన్నాను.

నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడు. నాకు మాత్రం విచారం లేదు.

ఈ పొద్దున అదే సెంటు నేనూ పూసుకున్నాను. ఇప్పుడు సాయంత్రం. నువ్వు ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చి నా తల నిమిరినప్పటి వాసన వస్తోంది. అమ్మా, ఆ నిమ్మతొక్క పారేసి బిడ్డను ఎత్తుకో. నాకు తెలిసిన మొదటి వాసన అదే. వాడికీ తెలియనీ.

ఇట్లు,
నీ నోరున్న చిన్న కూతురు,
సత్యప్రియ